సవరణ: ఈవా ట్వెడ్‌బెర్గ్ గెలిచింది ఆల్ ఇంగ్లండ్, అదీ రెండుసార్లు

స్వీడన్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి ఈవా ట్వెడ్‌బెర్గ్ 1968లో ప్రపంచ ఛాంపియన్ అయ్యారని ఇంతకుముందు పోస్టులో ఉంది. అది తప్పు. ఆ ఏడాది ఆమె గెలిచింది ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టోర్నీలో మహిళల సింగిల్స్. ప్రపంచ ఛాంపియన్‌షిప్ అన్నది అప్పటికి పుట్టనే లేదు. అది మొదలైంది 1977లో, స్వీడన్‌లోనే, మాల్మో నగరంలో. అందాకా, అప్పట్లో లండన్‌లోని వెంబ్లీలో జరిగిన ఆల్ ఇంగ్లండ్‌నే ప్రపంచ టైటిల్‌తో సమానంగా చూసేవారు.

పోస్టులో రాని సంగతి ఇంకోటి: 1971లో ఆమె మళ్లీ గెలిచారు. మధ్యలో 1969లో హిరోయె యుకి, 1970లో ఎత్సుకో తకెనకా, ఇద్దరూ జపాన్ వాళ్లే, టైటిల్ ఎగరేసుకుపోయారు. జపాన్ జోరు మీదున్న ఆ రోజుల్లో చేజారిన టైటిల్‌ని తిరిగి దక్కించుకోవడం, నా దృష్టిలో, మొదటి గెలుపుకన్నా గొప్పది. ఆమె పేరు పక్కన రెండేళ్లూ ఉండాలి: 1968, 1971.