పులుపు చెక్కది కాదు
బెల్జియంలో చేసే లాంబిక్ బీరుకు పులుపు ఓక్ పీపా చెక్క నుంచి వస్తుందని ఆ బీరు మీద వచ్చిన వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. ఆ పులుపు బ్యాక్టీరియా తయారుచేసే లాక్టిక్ ఆమ్లానిది. బ్రస్సెల్స్‌లోనూ పక్కనున్న పజోటెన్‌లాండ్ ప్రాంతంలోనూ గోధుమ, బార్లీ కలిపి కాచిన రసాన్ని చలికాలపు రాత్రి వెడల్పాటి తొట్టిలో మూత లేకుండా చల్లారనిస్తారు. గాలిలోవి, కప్పు దూలాల మీదవి, పీపాల్లో ముందే ఉన్నవి, ఆ సూక్ష్మజీవులే దాన్ని పులియబెడతాయి. మన తాటికల్లులాగే ఇందులోనూ ఎవరూ ఈస్టు కలపరు. కాకపోతే కల్లు పూటలో పులిసిపోతుంది, దీనికి ఏళ్లు పడుతుంది. పీపాలు చాలావరకు వైన్‌కు వాడేసినవి, చెక్క రుచి ఎప్పుడో వదిలేసుకున్నవి. సూక్ష్మజీవులకు నీడ ఇవ్వడం, సన్నగా గాలి చొరనివ్వడం వాటి పని. బ్రస్సెల్స్‌లోని ఆండర్లెక్ట్‌లో 1900 నుంచి ఉన్న కాంటిలాన్ బ్రూవరీలో మరే లాంబిక్‌తోనూ కలపని లాంబిక్ రుచి చూశాను. నురగ లేదు, బుడగ లేదు. ముందు ఎండుగడ్డి, తడి తోలు వాసన. తర్వాత నిమ్మతొక్క చేదు, దవడలు లాగేసే పులుపు. కొత్త చెక్క ఇచ్చే వెనిల్లా తీపి జాడ కూడా తగల్లేదు. ఒకటి, రెండు, మూడేళ్ల లాంబిక్‌లు కలిపి సీసాలో మళ్లీ పులియబెట్టిన గ్యోజ్ అయితే షాంపేన్‌లా పొంగుతుంది. కొత్తవాళ్లు దానితో మొదలుపెడితే నయం. మరీ చల్లగా మాత్రం వద్దు, వాసనంతా అణిగిపోయి పులుపొక్కటే మిగులుతుంది.