ఆ డెబ్బై శాతం లెక్క ఎవరు కట్టారు?

మిర్యాలగూడ మిల్లర్ల గ్రూపుల నుంచి జడ్చర్ల ఫ్యాక్టరీల సూపర్‌వైజర్ల ఫోన్ల దాకా ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. సారాంశం ఇది: "సంస్థల్లో తలపెట్టే మార్పుల్లో నూటికి డెబ్బై విఫలమవుతాయి. కారణం పనివాళ్ల మొండితనం. కాబట్టి ముందుగా చెప్పకండి, అభిప్రాయం అడగకండి, జీతం కొంచెం పెంచండి, వీలైతే నోరెత్తని బయటి రాష్ట్రాల వాళ్లను పెట్టుకోండి. అప్పటికీ వినకపోతే గేటు చూపండి." ఒక మిల్లు యజమాని దీన్ని ప్రింటు తీయించి ఆఫీసు గోడకు అంటించడం చూశాక జవాబు రాయక తప్పదనిపించింది.

ముందు ఆ డెబ్బై సంగతి. 1993లో మైఖేల్ హ్యామర్, జేమ్స్ చాంపీ అనే అమెరికన్లు సంస్థల పనితీరును సమూలంగా మార్చడం గురించి రాస్తూ, అలాంటి ప్రయత్నాల్లో 50 నుంచి 70 శాతం ఆశించిన ఫలితం ఇవ్వవన్నారు. అది శాస్త్రీయమైన లెక్క కాదనీ, తమ అంచనా మాత్రమేననీ అక్కడే చెప్పుకున్నారు. తర్వాతి వాళ్లు యాభైని వదిలేశారు, అంచనా అన్న మాటనూ వదిలేశారు. 2011లో మార్క్ హ్యూస్ అనే పరిశోధకుడు ఈ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెనక్కి వెళ్లి వెతికితే, నమ్మదగిన ఆధారం ఒక్కటీ కనిపించలేదు. ఊళ్లో పుకారుకైనా "నేను చూశాను" అనేవాడు ఒకడుంటాడు. దీనికి అదీ లేదు.

"కారణం పనివాళ్ల మొండితనం." మొండితనమని మనం పేరు పెట్టేదాంట్లో చాలా భాగం పని తెలిసినవాళ్ల అనుమానం, ఉపాధి పోతుందన్న భయం. ఒక బాయిల్డ్ రైస్ మిల్లులో కొత్త సార్టెక్స్, అంటే రంగు చూసి చెడ్డ గింజలను ఏరేసే యంత్రం, బిగించారు. టెక్నీషియన్ సెట్టింగులు చేసి వెళ్లిపోయాడు. బియ్యం తళతళలాడుతూ దిగుతుంటే యజమాని మురిసిపోయాడు. యంత్రం ఏరి పారేసిన గింజలు పక్క గొట్టంలోంచి బస్తాలో పడుతున్నాయి. అక్కడ ఊడ్చే పెద్దమ్మ ఒకరోజు అందులోంచి దోసెడు తీసి చేటలో పోసి చెరిగి చూసింది. నల్ల గింజల మధ్య మంచి గింజలు దండిగా ఉన్నాయి. సెట్టింగు మరీ బిగించడంతో, చిన్న మచ్చ కనిపిస్తే చాలు, గాలి దెబ్బకు ఆ గింజా దాని పక్కన జారే మంచి గింజా రెండూ పోతున్నాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎందుకమ్మా అంటే, "నన్నెవరు అడిగారు సారూ? ఈ మిషన్ తెచ్చిందే మమ్మల్ని తీసెయ్యడానికి కదా!" అంది. సర్కారు ధాన్యం మరాడిస్తే క్వింటాలుకు 68 కిలోల ఉప్పుడు బియ్యం అప్పజెప్పాల్సిన మిల్లు అది. కిలోకు కిలో వెతుక్కునే చోట మంచి బియ్యం చెత్త ధరకు పోతుంటే, తెలిసిన మనిషి చీపురు పట్టుకుని ఊరకే నిలబడింది. ఇందులో మొండితనం ఎవరిది?

"ముందుగా చెప్పకండి." ఇది చట్టానికే విరుద్ధం. కార్మికుల జీతభత్యాలు, పనిగంటలు, షిఫ్టులు మార్చాలన్నా, ఉద్యోగాలు తగ్గించే అవకాశమున్న యంత్రాలు తేవాలన్నా 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ 21 రోజులను అలాగే ఉంచింది. గోడకు అంటించాల్సింది ఆ నోటీసు, ఈ మెసేజ్ కాదు.

"అభిప్రాయం అడగకండి." అడిగితే ఏమవుతుందో చాలా కాలం క్రితమే పరీక్షించి చూశారు. అమెరికాలోని వర్జీనియాలో పైజామాలు కుట్టే హార్వుడ్ ఫ్యాక్టరీలో లెస్టర్ కోచ్, జాన్ ఫ్రెంచ్ చేసిన అధ్యయనం 1948లో అచ్చయింది. పని పద్ధతి మార్చినప్పుడు ఒక జట్టుకు నిర్ణయం చెప్పి ఊరుకున్నారు. మరికొన్ని జట్లను కూర్చోబెట్టి కొత్త పద్ధతి ఎలా ఉండాలో వాళ్లతోనే ఆలోచింపజేశారు. మొదటి జట్టులో ఉత్పత్తి పడిపోయింది, మళ్లీ లేవలేదు. 40 రోజుల్లో 17 శాతం మంది మానేశారు. కలిసి ఆలోచించిన జట్లు త్వరగా కోలుకుని పాత స్థాయికన్నా దాదాపు 14 శాతం పైకి వెళ్లాయి, ఎవరూ మానలేదు. అసలు ముచ్చట దీని తర్వాతది. ఆ "మొండి" జట్టులో మిగిలినవాళ్లను కొన్నాళ్లకు మరో పనికి మారుస్తూ ఈసారి వాళ్లను కూడా సంప్రదించారు. వాళ్లూ చకచకా అందుకున్నారు. మనుషులు వాళ్లే, మారింది అడిగిన తీరు.

జీతం విషయానికొస్తే, అది పెంచమన్నందుకు మెసేజ్ రాసినవాడితో నాకు పేచీ లేదు. జీతం చాలనిచోట మిగతావన్నీ కబుర్లే. కానీ జడ్చర్ల దగ్గరి పోలేపల్లి సెజ్‌ (ప్రత్యేక ఆర్థిక మండలి) ఫ్యాక్టరీకి పల్లె నుంచి వచ్చే అమ్మాయి షిఫ్టును రాత్రి పదింటిదాకా జరిపితే, ఆమెకు ముందు కావలసింది ఇంటికి బస్సు. పెంచిన జీతం ఆ తర్వాత. అడగనివాడికి ఈ సంగతి ఆమె పని మానేశాకే తెలుస్తుంది.

"బయటి రాష్ట్రాల వాళ్లు నోరెత్తరు." ఈ మాట పాలమూరు గడ్డ మీద తిరగడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టి కాలువలు తవ్విన పాలమూరు లేబర్ గురించి కాంట్రాక్టర్లు దశాబ్దాలపాటు అన్నది ఇదే కదా! గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు మెడకు చుట్టుకుని ఉండగా ఎవరు నోరెత్తుతారు? అప్పు చూపించి పని చేయించుకోవడాన్ని 1976లోనే వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం నేరంగా నిర్ణయించింది. ఇక బిహార్ హమాలీ నోరెత్తడన్నదీ పూర్తిగా నిజం కాదు. ఛఠ్ పండుగకు ఊరికి వెళ్తాడు, తిరిగి రాడు. అతను చెప్పదలచుకున్నది అందులో ఉంది.

చివరిది, "గేటు చూపండి." చూపవచ్చు. కానీ మిల్లులో బాయిలర్ నడపడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషే ఉండాలని నిబంధన. వానాకాలం ధాన్యం లారీలు మిల్లు ముందు బారులు తీరినప్పుడు అలాంటి మనిషి మరొకడు ఎక్కడ దొరుకుతాడో మెసేజ్‌లో రాయలేదు.