రోజూ నడిపే కారుకు రీమ్యాప్ చేయించే ముందు

కారు కొని ఏడాదో రెండేళ్లో గడిచాక చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. ఇంజిన్‌లో ఇంకా శక్తి ఉందని, కంపెనీవాళ్లు సాఫ్ట్‌వేర్‌తో దాన్ని అణచి ఉంచారని, ఒక పూటలో ఈసీయూను (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌ను) రీమ్యాప్ చేయిస్తే అదంతా బయటికి వస్తుందని ఎవరో చెబుతారు. ఈ మాటల్లో కొంత నిజం ఉండబట్టే ఇవి అంత తేలిగ్గా నమ్మిస్తాయి. నా అభిప్రాయం మొదటే చెబుతాను: ఇంటి పనులన్నింటికీ ఒకే కారు మీద ఆధారపడేవారు వారంటీ ఉన్నంతకాలం ఈ పని జోలికి వెళ్లకపోవడమే మంచిది. వారంటీ ముగిసిన టర్బో కారు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బోచార్జర్ ఉన్నది) విషయంలో ఆలోచించవచ్చు గానీ, ఈ పని చేసే ట్యూనర్‌ను మనం సాధారణంగా అడిగే ప్రశ్నలు మాత్రం సరిపోవు.

ఈసీయూ మెమరీలో ప్రధానంగా ఉండేవి పట్టికలు. ఒక వరుస ఇంజిన్ వేగానిది, మరొకటి లోడుది. ఆ రెండూ కలిసే గడిలో ఎంత ఇంధనం చిమ్మాలి, స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు ఇవ్వాలి, టర్బో ఎంత బూస్ట్ (గాలి ఒత్తిడి) ఇవ్వాలి, టార్క్‌ను (ఇంజిన్ తిప్పే బలాన్ని) ఎక్కడ ఆపాలి అన్నవి రాసి ఉంటాయి. రీమ్యాప్ అంటే ఆ అంకెలను మార్చడం. టర్బో లేని పెట్రోల్ ఇంజిన్‌లో అంకెలు మార్చినంత మాత్రాన సిలిండర్‌లోకి వెళ్లే గాలి పెద్దగా పెరగదు కాబట్టి, వచ్చే లాభం సాధారణంగా పది శాతం లోపే ఉంటుంది. కొన్నిచోట్ల పెడల్ స్పందనను మాత్రమే చురుగ్గా మార్చి పంపిస్తారు. పావు వంతు తొక్కితే థ్రాటిల్ సగం తెరుచుకుంటుంది కాబట్టి కారు ఉరుకుతున్నట్టు అనిపిస్తుంది గానీ, పూర్తిగా తొక్కితే ఉన్నది పాత శక్తే. టర్బో ఇంజిన్ల సంగతి వేరు. వాటిలో టార్క్ 20 నుంచి 30 శాతం దాకా పెరగడం మామూలే, నడిపేవారికి ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

కంపెనీ ఆ 20 శాతాన్ని ఎందుకు వదిలిపెట్టిందన్నదే అసలు ప్రశ్న. ఈసీయూలో వాళ్లు రాసే అంకెలు, అంటే క్యాలిబ్రేషన్, ఒకే ఒక్క కారుకు, ఒకే వాతావరణానికి రాసింది కాదు. నాసిరకం ఇంధనం పోసినా, ఆయిల్ మార్పు ఆలస్యమైనా, ఇంజెక్టర్లు పాతబడినా, మండుటెండలో ఏసీ వేసుకుని అయిదుగురితో ఘాట్ ఎక్కినా ఇంజిన్ నిలబడాలి. అలాంటి రోజున టర్బో నుంచి వచ్చే గాలి వేడెక్కుతుంది, నాక్ సెన్సర్ సిలిండర్‌లో చిటపటలను పసిగడుతుంది, ఈసీయూ స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. కంపెనీ వదిలిపెట్టిన ఆ వెసులుబాటంతా మనకు తెలియకుండానే అక్కడ ఖర్చవుతూ ఉంటుంది. దాన్ని వృథాగా పడి ఉన్న శక్తి అనుకోవడం, కరవు కోసం గాదెలో దాచిన గింజలను మిగులు పంటగా లెక్కగట్టడమే.

ఒకే ఇంజిన్‌ను రెండు రకాల శక్తితో అమ్ముతున్నారు కదా, తేడా సాఫ్ట్‌వేర్‌దే కదా అనే వాదన కూడా తరచూ వినిపిస్తుంది. కొన్ని ఇంజిన్లలో అది నిజమే. కానీ ఫియట్ 1.3 మల్టీజెట్ డీజిల్‌ను చూడండి. 75 హార్స్‌పవర్ రకంలో మామూలు టర్బో, 90 రకంలో వేరియబుల్ జామెట్రీ టర్బో (వేగాన్ని బట్టి లోపలి రెక్కల కోణం మార్చుకునేది). బయటికి పేరు ఒకటే, లోపలి సామాను ఒకటి కాదు. కాబట్టి పై మోడల్‌లో ఉన్న అంకె మన కారుకు హక్కుగా వస్తుందని అనుకునే ముందు పార్ట్ నంబర్లు సరిచూసుకోవాలి.

నన్ను ఎక్కువగా భయపెట్టేది గరిష్ఠ హార్స్‌పవర్ కాదు, తక్కువ ఆర్‌పీఎంలో పెరిగే టార్క్. రోజువారీ డ్రైవింగ్‌లో మనం ఎక్కువగా ఉండేది అక్కడే: అయిదో గేరు, 1500 ఆర్‌పీఎం, ముందున్న లారీని దాటడానికి గేరు తగ్గించకుండానే పెడల్ అదిమేస్తాం. చిన్న టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ ఇంజిన్లలో స్పార్క్ రాకముందే మిశ్రమం దానంతటది అంటుకునే ప్రమాదం సరిగ్గా ఈ పరిస్థితిలోనే ఎక్కువ. దీన్నే ఎల్‌ఎస్‌పీఐ అంటారు. ఇది కొత్త ఇంజిన్లకు కూడా ఎంత ఇబ్బంది అయిందంటే, 2018లో ఏపీఐ ఎస్‌ఎన్ ప్లస్ అనే ఆయిల్ ప్రమాణాన్ని దీనికోసమే తీసుకువచ్చారు. తీవ్రంగా జరిగితే పిస్టన్ రింగుల మధ్య గట్లు విరిగిపోతాయి. కింది ఆర్‌పీఎంలోనే బూస్ట్ దండిగా పోసి "పికప్ అదిరిపోయింది" అనిపించే మ్యాప్ టెస్ట్ డ్రైవ్‌లో అందరికీ నచ్చుతుంది, ఇంజిన్‌ను ఎక్కువగా నలిపేదీ అదే.

ఇంజిన్ తట్టుకున్నా దాని వెనక ఉన్నవి తట్టుకోవాలి కదా. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లలో వచ్చే డీక్యూ200 అనే ఏడు గేర్ల డ్రై క్లచ్ డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌ను తయారుచేసిందే 250 న్యూటన్ మీటర్ల టార్క్‌కు. ఇంజిన్ కంపెనీ నుంచే ఆ అంచుకు దగ్గరగా వస్తే, రీమ్యాప్‌తో పెరిగేదంతా గేర్‌బాక్స్ నెత్తిన పడుతుంది. మాన్యువల్ కార్లలో ముందుగా బయటపడేది క్లచ్. ఎత్తు ఎక్కుతూ నాలుగో గేరులో గట్టిగా తొక్కినప్పుడు టాకోమీటర్ ముల్లు పైకి లేస్తుంది, స్పీడోమీటర్ ముల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. కాసేపటికి మాడు వాసన వస్తుంది.

మైలేజీ పెరుగుతుందన్న హామీని నేను పట్టించుకోను. నిదానంగా పోతున్న పెట్రోల్ ఇంజిన్‌ను ఆక్సిజన్ సెన్సర్ సాయంతో ఈసీయూ ఎలాగూ 14.7:1 గాలి-ఇంధన నిష్పత్తి దగ్గరే పట్టి ఉంచుతుంది. అక్కడ ట్యూనర్ పెద్దగా మిగిల్చేదేమీ లేదు. కామన్ రైల్ డీజిళ్లకు రీమ్యాప్‌కు బదులు బయటినుంచి తగిలించే బాక్సులైతే రైల్ ప్రెషర్‌ను (ఇంజెక్టర్లకు వెళ్లే ఇంధనం ఒత్తిడిని) ఈసీయూకు తక్కువ చేసి చూపించి పని కానిస్తాయి. ఎంత ఇంధనం పోతోందో ఈసీయూకే సరిగా తెలియదు కాబట్టి డాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ అబద్ధం.

డీజిల్‌లో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజిన్‌లోకి పంపి కాలుష్యం తగ్గించే ఏర్పాటు) "ఆఫ్" చేయించడం గురించి నాకు రెండో ఆలోచన లేదు. అది చాలా దేశాల్లో చట్టవిరుద్ధం. 2015లో పరీక్షలో ఒకలా, రోడ్డు మీద మరోలా నడిచే సాఫ్ట్‌వేర్ పెట్టినందుకు ఫోక్స్‌వ్యాగన్‌ను ప్రపంచమంతా తప్పుపట్టింది. అదే పొగను మన వెనక స్కూటర్ మీద వచ్చేవారి మొహాన కొట్టడానికి మనమే డబ్బిచ్చి సాఫ్ట్‌వేర్ రాయించుకుంటే దాన్ని ట్యూనింగ్ అనడం ఏమిటి?

పాత ఫైలు తిరిగి ఎక్కిస్తే వారంటీకి తెలియదన్న భరోసా కూడా నమ్మదగ్గది కాదు. ఎన్నిసార్లు ఫ్లాష్ చేశారన్న లెక్క చాలా ఈసీయూలలో మిగిలిపోతుంది. బీమా కంపెనీకి చెప్పకుండా మార్పు చేయిస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకు కారణం మనమే ఇచ్చినట్టు.

ఇంత విన్నాక కూడా చేయించాలనిపిస్తే, ముందు మీ కారు స్టాక్ మ్యాప్‌తో, అంటే కంపెనీ ఇచ్చిన అంకెలతో, ఎలా నడుస్తోందో లాగ్ (సెన్సర్ల రీడింగుల రికార్డు) తీయించండి. మూడో గేరులో కింది నుంచి పైదాకా పూర్తి థ్రాటిల్‌తో లాగినప్పుడు అడిగిన బూస్ట్ ఎంత, వచ్చింది ఎంత, ఏ సిలిండర్‌లో స్పార్క్ ఎన్ని డిగ్రీలు వెనక్కి వెళ్లింది, గాలి ఉష్ణోగ్రత ఎంత అన్నవి అందులో ఉంటాయి. స్టాక్‌లోనే ఒక సిలిండర్ పదేపదే స్పార్క్ వెనక్కి లాగుతుంటే ఆ డబ్బు రీమ్యాప్‌కు కాదు, ప్లగ్గులకూ కాయిళ్లకూ ఇంజెక్టర్లకూ పోవాలి. ట్యూన్ అయ్యాక వేడిగా ఉన్న రోజున అదే లాగ్ మళ్లీ కావాలని ముందే మాట తీసుకోండి. అసలు ఫైలు కాపీ మీ దగ్గర ఉండాలి. ఫ్లాష్ చేస్తున్నంతసేపు బ్యాటరీకి స్థిరమైన కరెంటు సరఫరా ఉండాలి, మధ్యలో వోల్టేజీ పడితే కారు కదలదు. డైనో (ఇంజిన్ శక్తిని కొలిచే యంత్రం) కాగితం మీద గరిష్ఠ అంకె చూపించి, లాగ్ అడిగితే విసుక్కునే ట్యూనర్ దగ్గర కారు వదలకండి.

నాది డ్రై క్లచ్ ఉన్న చిన్న టర్బో పెట్రోల్ కాబట్టి దాన్ని స్టాక్‌గానే ఉంచాను. వారంటీ ముగిసిన డీజిల్ ఉన్న స్నేహితుడికి మాత్రం వద్దని చెప్పలేదు. కొత్త క్లచ్ వేయించాక, 2000 ఆర్‌పీఎం లోపు టార్క్‌ను ముట్టుకోకుండా, డీపీఎఫ్ యథాతథంగా ఉంచి చేయించుకోమన్నాను. అతను ఇంకా క్లచ్ దగ్గరే ఆగి ఉన్నాడు.