‘వెళ్ళలేదు’ అనగల పిల్లలకు ‘డిడ్ నాట్ గో’ ఎందుకు రావడం లేదు?

పదేళ్ల పిల్లవాడి ఇంగ్లిష్ నోట్సు తెరిచి చూడండి. నౌన్, వెర్బ్, అడ్జెక్టివ్ నిర్వచనాలు అక్షరం పొల్లుపోకుండా ఉంటాయి. పార్ట్స్ ఆఫ్ స్పీచ్ ఎనిమిదీ గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. నిన్న ఏం చేశావో నాలుగు వాక్యాలు రాయమంటే మాత్రం ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రాస్తాడు. టీచరు ఎర్ర ఇంకుతో సున్నా చుడతారు. డిడ్ తర్వాత వెర్బ్ మొదటి రూపమే రావాలన్న సూత్రాన్ని పదిసార్లు రాయిస్తారు. వారం తిరగకుండానే మళ్లీ అదే తప్పు.

ఇందులో పిల్లవాడి లోపం ఏమీ లేదని నా గట్టి నమ్మకం. వాడికి ఇప్పటికే తెలిసిన వ్యాకరణాన్ని మనం లెక్కలోకి తీసుకోవడం లేదు. ‘వాడు వెళ్ళాడు’ అన్న వాక్యానికి వ్యతిరేకం చెప్పమంటే ఏ పిల్లవాడూ ‘వెళ్ళాడు లేదు’ అనడు. ‘వెళ్ళలేదు’ అంటాడు. జరిగిపోయిన కాలాన్ని ‘లేదు’ మోస్తుంది. ‘వెళ్ళ’ దగ్గర కాలం గుర్తు ఏదీ మిగలదు. ‘డిడ్ నాట్ గో’లో జరిగేదీ అదే: గతాన్ని ‘డిడ్’ తీసుకుంది, ‘గో’ ఒట్టిదైపోయింది. ఈ రెండు వాక్యాలనూ బోర్డు మీద పక్కపక్కన రాసి, ‘గతం ఎక్కడుందో చూపించు’ అని అడిగితే చాలు. సూత్రాన్ని పిల్లలే చెబుతారు.

ఆర్టికల్స్ సంగతీ అంతే. తెలుగులో ఆర్టికల్ లేదు కాబట్టి మన పిల్లలకు ‘ఎ’, ‘ద’ ఎప్పటికీ కష్టమే అంటుంటారు. కానీ ‘అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ఏడుగురు కొడుకులు’ అని విన్న పిల్లలకు మొదటిసారి ‘ఒక’, రెండోసారి ‘ఆ’ ఎందుకు వచ్చిందో తెలుసు. ‘ఎ కింగ్’ తర్వాత ‘ద కింగ్’ రావడానికి కారణం అదే. ఆర్టికల్స్ వాడకమంతా ఇందులో ఇమడదు గానీ, మొదటి మెట్టుకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

రెండు భాషలూ విడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. అక్కడే టీచరు ఎక్కువసేపు ఆగాలి. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండింటికీ మనకు ఒకే క్రియారూపం. అందుకే పిల్లలు ‘ఎవ్రీ డే ఐ విల్ కమ్’ అంటారు. టెన్సుల పట్టిక మొత్తం ఒకేసారి బట్టీ పట్టిస్తే ఈ చిక్కు విడదు. ఒక రూపం రెండుగా చీలుతోందని చూపించి, ‘రోజూ’, ‘రేపు’ మార్చి మార్చి పలికిస్తే విడుతుంది. ‘షీ గో’ తప్పుకు మాత్రం కొంత ఓపిక కావాలి. ఇంగ్లిష్ ఇంటి భాషగా పెరిగే పిల్లలకు కూడా బహువచనం ‘ఎస్’ ముందు వచ్చి, క్రియ చివరి ‘ఎస్’ బాగా ఆలస్యంగా వస్తుందని అమెరికా మనస్తత్వవేత్త రోజర్ బ్రౌన్ 1973లోనే చూపించారు. ఆలస్యంగా రావడమే సహజమైనదానికి మార్కులు కోయడం అన్యాయం.

రాతకు దూరంగా, విడిగా నేర్పే వ్యాకరణం మీద సందేహం పాతదే. అది రాతను మెరుగుపరచడం లేదని, రాసే అభ్యాసానికి దక్కాల్సిన సమయాన్ని తినేసి చెరుపు కూడా చేయవచ్చని 1963లో అమెరికాలో బ్రాడక్, లాయిడ్-జోన్స్, షోయర్ అనే పరిశోధకులు తేల్చారు. 2007లో స్టీవ్ గ్రాహం, డొలొరెస్ పెరిన్ నాలుగు నుంచి పన్నెండు తరగతుల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూస్తే, విడి వ్యాకరణ బోధన ప్రభావం సున్నాకు దిగువన నిలిచింది. చిన్న వాక్యాలను కలిపి పెద్ద వాక్యం చేయించే అభ్యాసం ప్రభావం 0.50. ఈ కొలతలో సున్నా అంటే తేడా ఏమీ రానట్టు, 0.50 అంటే ఓ మోస్తరు మేలు జరిగినట్టు. అయితే పరాయి భాషగా నేర్చుకునేవారి పరిస్థితి వేరు. వారికి నియమాన్ని విడమరచి చెప్పడం మేలు చేస్తుందని 2000లో నారిస్, ఒర్తెగా చేసిన విశ్లేషణలో తేలింది. అందుకే నియమాలే వద్దని నేను అనను. వాక్యం ముందు రావాలి, పేరు తర్వాత రావాలి అంటాను.

‘ద బాయ్ వాజ్ టైర్డ్. ద బాయ్ శాట్ అండర్ ఎ ట్రీ. ద ట్రీ వాజ్ బిగ్.’ ఈ మూడింటినీ ఒకటి చేయమని అడగండి. ఒకరు ‘ద టైర్డ్ బాయ్ శాట్ అండర్ ఎ బిగ్ ట్రీ’ అంటారు. ఇంకొకరు ‘బికాజ్’తో మొదలుపెడతారు. ‘టైర్డ్’ అనే మాట బాయ్ ముందుకు జరగడాన్ని కళ్లారా చూశాక అడ్జెక్టివ్ అన్న పేరు చెబితే అది గుర్తుంటుంది. అదే ముందుగా ‘వెర్బ్ అంటే యాక్షన్ వర్డ్’ అని నేర్పితే, ‘నో’ (తెలిసి ఉండటం), ‘హ్యావ్’ లాంటి వెర్బుల్లో ఏ పనీ కనిపించక, ‘ఎ లాంగ్ వాక్’లో నౌన్ అయిన ‘వాక్’లో పని కనిపించి పిల్లలు తికమకపడతారు.

దీనికి అడ్డు ఎక్కువగా ప్రశ్నపత్రం దగ్గరే ఉంది. ‘అడ్వెర్బ్ కింద గీత గీయండి’ అనే ప్రశ్నకు ఒకటే జవాబు, దిద్దడం సులువు. ‘ఈ మూడు వాక్యాలను కలపండి’ అంటే నలభై మంది నుంచి పది రకాల జవాబులు వస్తాయి, ప్రతిదాన్నీ చదివి చూడాలి. ఆ దిద్దుబాటుకు పట్టే సమయాన్ని టైమ్‌టేబుల్లో కేటాయించకుండా, పద్ధతి మార్చుకోమని టీచర్లకు చెప్పే హక్కు ఎవరికీ లేదు.