బాబాయి మోకాలికి సాక్ష్యం

మా బాబాయి మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కటుక్కుమంటుంది. అది ఆర్మీ సర్వీసు వల్ల వచ్చిందనో, సర్వీసులోనే ముదిరిందనో తేలి, వైకల్యం కనీసం 20 శాతం ఉంటే పింఛను వస్తుందని బెంగళూరు అలసూరు చెరువు దగ్గర వాకింగ్‌కొచ్చే ఒక రిటైర్డ్ సుబేదారు చెప్పారు. అంతే, ఆ రోజు నుంచి ఆ మోకాలు మా ఉమ్మడి ఆస్తి.

దెబ్బ నిజంగానే తగిలింది. తొంభైల్లో, వాలీబాల్ ఫైనల్లో. ఆటలో పడితే డ్యూటీ ఎలా అవుతుందని నా అనుమానం. అవుతుందట. 1982 నాటి పింఛను నిబంధనల్లో, పైవాళ్లు ఏర్పాటు చేసిన ఆటలు కూడా డ్యూటీ కిందే లెక్క. సొంత పని మీద బజారుకెళ్లి పడ్డవాడిది మాత్రం వాడి ఖర్మ.

చిక్కల్లా కాగితం దగ్గరే. దెబ్బ తగలగానే ఐఏఎఫ్‌వై-2006 అనే ఇంజురీ రిపోర్టు రాయించాలి. బాబాయి రాయించలేదు. డాక్టరు చూసే ఎం.ఐ. రూమ్ గడప తొక్కితే మెడికల్ కేటగిరీ తగ్గుతుంది, పూర్తి ఫిట్ అని చెప్పే షేప్-1 పోతే ప్రమోషన్ పోతుంది. అన్నిటికన్నా ముందు సంక్రాంతి సెలవు పోతుంది! రాత్రుళ్లు దుప్పట్లో దొంగచాటుగా ఆవనూనె రాసుకుని, పండక్కి ఊరొచ్చేశాడు.

శివాజీనగర్‌లో లాయరు గారు ధైర్యం చెప్పారు. "భర్తీ అయినప్పటి కాగితాల్లో లేని జబ్బు వల్ల సైనికుణ్ణి ఇంటికి పంపేస్తే, అది సర్వీసు వల్లే వచ్చిందని అనుకోవాలి. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇంతకీ బయటికొచ్చేటప్పుడు మెడికల్ బోర్డుకి మీరేం చెప్పారు?"

"ఆల్ ఓకే సర్ అన్నానండి."

లాయరు గారు పెన్ను మూసేశారు. కాసేపటికి, ఆ రోజుల నాటి రుజువు ఏదైనా ఉంటే వెతకమన్నారు.

పిన్ని ట్రంకు పెట్టె తీసి ఇన్‌లాండ్ లెటర్ల కట్ట విప్పింది. ఫైనల్ అయిన వారం రాసిన ఉత్తరం దొరికింది. "నేనిక్కడ క్షేమం. ఒంట్లో దివ్యంగా ఉంది. కప్పు గెలిచాం." ఫొటో కూడా దొరికింది. బాబాయి ముందు వరసలో కూర్చున్నాడు, కట్టు కట్టిన మోకాలికి సరిగ్గా అడ్డంగా షీల్డు.

"నాకు కూడా అబద్ధమేనన్నమాట!" అంది పిన్ని. ఆ పూట మోకాలి సంగతి పక్కకుపోయి, మిగతా ఉత్తరాల మీద విచారణ నడిచింది.

సాక్షి కోసం పాత టీమ్‌మేట్‌కి ఫోన్ చేశాం. "ఎందుకు గుర్తులేదు! స్మాష్ కొట్టబోయి దబ్బున పడ్డాడు. ఎడమ మోకాలు" అన్నాడాయన. కుడి అని చెబితే, "నేను నెట్టుకి అవతల ఉన్నాగా, నాకు అటే కనిపించింది. పోనీ, అఫిడవిట్‌లో రెండూ రాయించమంటారా?" అన్నాడు. ఒకే టీమ్ వాడు నెట్టుకి అవతలెందుకున్నాడో మేం అడగలేదు.

ఎట్టకేలకు పరీక్షకి పిలుపొచ్చింది. ఆటోలో దారి పొడుగునా బాబాయికి పాఠం చెప్పాను. మెల్లగా నడువు, కుర్చీ పట్టుకుని లే, అడిగితే నొప్పి అను. అన్నిటికీ తలూపాడు.

గదిలోకి యూనిఫామ్‌లో కల్నల్ డాక్టరు గారొచ్చారు. బాబాయి స్ప్రింగులా లేచి, కుడికాలు ఎత్తి నేల అదిరేలా కొట్టి సెల్యూట్ చేశాడు. "జైహింద్ సర్!"

కటుక్కుమంది. ఈసారి వరండాలో వాళ్లకి కూడా వినిపించింది. చెయ్యి నుదుటి మీదే ఉంది, మనిషి పక్కకి ఒరిగిపోతున్నాడు.

డాక్టరు గారు పరుగున వచ్చి పట్టుకున్నారు. "ఈ దెబ్బ ఎప్పుడు తగిలింది?"

"ఇప్పుడే సర్."

తేదీ, టైము, సాక్షుల పేర్లతో సహా రిపోర్టు అప్పటికప్పుడే రాసేశారు.