రూమ్మేట్ గే అని తెలిస్తే గది ఎవరు మారాలి?

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్ గల్లీల్లో హాస్టల్ బోర్డుల మీద టూ షేరింగ్‌కి ఇంత, త్రీ షేరింగ్‌కి ఇంత, ఫైవ్ షేరింగ్‌కి ఇంత అని రేట్లు రాసి ఉంటాయి. వైఫై బాగా వస్తుందా, గీజర్ ఉందా, ఆదివారం చికెన్ పెడతారా అని కనుక్కుని చేరతాం. పక్క మంచం ఎవరిదో కనుక్కునే వీలు చాలామందికి ఉండదు. ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తారు. నంద్యాల కుర్రాడూ నల్గొండ కుర్రాడూ శ్రీకాకుళం కుర్రాడూ ఒకే గదిలో పడతారు. గురక పెట్టేవాడితో, అర్ధరాత్రి దాకా ఫోన్లో గుసగుసలాడేవాడితో, వారం రోజుల సాక్సులు మంచం కింద దాచేవాడితో తిట్టుకుంటూనే సర్దుకుపోతారు. గదిలో ఒకడు గే అని బయటపడిన రోజున మాత్రం ఆ సర్దుబాటు టక్కున ఆగిపోతుంది.

అప్పుడు వినిపించే మాట మీకూ తెలిసే ఉంటుంది. “వాడి లైఫ్ వాడిష్టం బ్రో, నాకేం ప్రాబ్లం లేదు. కానీ సేమ్ రూమ్ అంటే కొంచెం అన్‌కంఫర్టబుల్.” ఈ మాట అనేవాళ్ళంతా దుర్మార్గులని నేననుకోను. పద్దెనిమిదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో ఇల్లు వదిలి వచ్చినవాడికి పది బై పన్నెండు గదిలో తనదంటూ ఉండేది ఒక మంచం, ఒక అల్మరా. అక్కడ కూడా నిశ్చింత లేదనిపిస్తే చిరాకు పుట్టడం సహజమే. అయితే ఆ ఇబ్బంది ఎక్కడి నుంచి వచ్చిందో, దాని ఖర్చు ఎవరు భరించాలో తేల్చకుండానే మన హాస్టళ్ళు తీర్పు ఇచ్చేస్తాయి. ఆ తీర్పు దాదాపు ప్రతిసారీ ఒకే మనిషి మీద పడుతుంది. నా అభ్యంతరం అక్కడ.

మొదట బట్టలు మార్చుకునే సంగతి వస్తుంది. “నేను తువ్వాలు కట్టుకుని బాత్‌రూమ్ నుంచి వస్తే వాడు చూస్తాడేమో” అంటారు. నిన్నటిదాకా అదే తువ్వాలుతో, అదే మనిషి ముందు, అద్దంలో కండలు చూసుకుంటూ తిరిగినవాడే ఈ మాట అంటాడు. నిజానికి మన అబ్బాయిల హాస్టళ్ళలో ఉన్నంత చనువు ఎక్కడా ఉండదేమో. ఊరి నుంచి ఫ్రెండ్ వస్తే సింగిల్ మంచం మీద ఇద్దరూ సర్దుకుని పడుకుంటారు. ఒకడి లుంగీ ఇంకొకడు కట్టుకుంటాడు. భుజాల మీద చేతులేసుకుని టీ కొట్టుకి వెళ్తే ఎవరూ తల తిప్పి చూడరు. రూమ్మేట్ ప్రవర్తనలో ఏమీ మారలేదు, అతని గురించి ఒక కబురు తెలిసిందంతే. ఆ కబురుకి మన సినిమా కామెడీ ట్రాకులు ఏళ్ళ తరబడి ఒక రూపం తగిలించి పెట్టాయి. చేతులు తిప్పుకుంటూ, కనబడ్డ ప్రతి మగాడి మీదా పడే పాత్ర అది. రాత్రికి రాత్రి ఆ పాత్ర వచ్చి పక్క మంచం మీద కూర్చుంటుంది. అక్కడ ఉండాల్సిన రూమ్మేటేమో, రేపటి ఇంటర్వ్యూకి చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ ఉంటాడు.

ఇదే భయాన్ని అమెరికా సైన్యం అధికారికంగానే లెక్కగట్టింది. అక్కడ 1993 నుంచి ఒక విధానం ఉండేది: నువ్వు చెప్పకు, మేం అడగం. గే అని బయటపడితే ఉద్యోగం పోయేది. బ్యారక్‌లలో, ఉమ్మడి స్నానాల గదుల్లో, ఓడల్లో ఒకరి మీద ఒకరుగా ఉండే పడకల్లో మిగతావాళ్ళు ఇబ్బంది పడతారు, కలిసి పోరాడలేరు అన్నది వాదన. ఆ నిషేధం ఎత్తేసే ముందు అక్కడి రక్షణ శాఖ పెంటగాన్ పెద్ద సర్వే చేసి 2010 నవంబరులో నివేదిక ఇచ్చింది. లక్షా పదిహేను వేల మందికి పైగా సైనికులు జవాబులిచ్చారు. నిషేధం తీసేస్తే ఏం భయమో ఏకరువు పెట్టినవాళ్ళు అందులో బోలెడంత మంది ఉన్నారు. కానీ గే అని తమకు అనిపించిన సహచరుడితో నిజంగా కలిసి పనిచేసినవాళ్ళని అడిగితే, నూటికి 92 మంది తమ యూనిట్ బాగానే పనిచేసిందనో, మంచీ చెడూ ఏమీ కాలేదనో అన్నారు. ఊహలో ఉన్నంత ఇబ్బంది అనుభవంలో లేదన్నమాట. స్నానాల గదులూ పడకలూ వేరుగా కట్టాలా అన్న ప్రశ్నకు కూడా, వద్దు అనే ఆ నివేదిక చెప్పింది. 2011 సెప్టెంబరు 20న నిషేధం పోయింది. సైన్యమేమీ కూలిపోలేదు.

ఒకే గదిలో ఉండటం వల్ల నిజంగా ప్రాణం మీదకు వచ్చిన కేసు ఒకటుంది. అందులో ప్రమాదం వచ్చిన దిక్కు వేరు. అమెరికాలోని న్యూజెర్సీలో, మన తెలుగు కుటుంబాలు బోలెడన్ని ఉన్న రాష్ట్రంలో, రట్గర్స్ యూనివర్సిటీ హాస్టల్. 2010 ఆగస్టు చివర టైలర్ క్లెమెంటీ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడికి రూమ్మేట్‌గా ధరుణ్ రవిని కేటాయించారు. రవి భారతదేశంలో పుట్టి అక్కడ పెరిగినవాడు. ఒకరికొకరు ముందు తెలియదు. రూమ్మేట్ ఎవరో తెలియగానే రవి ఇంటర్నెట్‌లో వెతికి, అతను గే అని గది తలుపు తెరవకముందే కనిపెట్టాడు, నలుగురికీ చెప్పాడు. సెప్టెంబరు 19 రాత్రి క్లెమెంటీ తన స్నేహితుడొకరు వస్తున్నారు, గది కాసేపు కావాలని అడిగాడు. రవి సరేనని బయటికెళ్ళి, తన కంప్యూటర్ వెబ్‌క్యామ్‌ని ఎదుటి గది నుంచి ఆన్ చేసి చూశాడు. ఆ సంగతి ట్విట్టర్‌లో పెట్టాడు. రెండు రోజుల తర్వాత మళ్ళీ చూద్దాం రండని మిత్రుల్ని పిలిచాడు. విషయం తెలుసుకున్న క్లెమెంటీ అధికారులకు ఫిర్యాదు చేశాడు, గది మార్చమని అడిగాడు. సెప్టెంబరు 22న ఆత్మహత్య చేసుకున్నాడు.

2012లో జ్యూరీ రవిని దోషి అంది, జడ్జి 30 రోజుల జైలు వేశారు. 2016లో అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. చివరికి ఒక్క నేరం ఒప్పుకోవడంతో కేసు ముగిసింది. ఆ శిక్ష ఎక్కువా తక్కువా అన్న వాదన అక్కడి మన వాళ్ళ ఇళ్ళలోనూ చాలాకాలం నడిచింది. దాని మీద నాకో అభిప్రాయం ఉన్నా ఇక్కడ అవసరం లేదు. ఎవరు ఎవర్ని చూశారన్నదే ఇక్కడి సంగతి. గే రూమ్మేట్ మనల్ని చూస్తాడేమోనని భయపడతాం. ఆ గదిలో చాటుగా చూసింది రెండోవాడు. కలిసి ఉన్న కాలం నిండా నెల రోజులు లేదు. గది మార్చమని దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది కూడా క్లెమెంటీనే.

మన హాస్టల్ గదిలో కూడా రోజంతా లెక్కలేసుకుంటూ బతికేవాడు ఆ గే కుర్రాడే. ఫోన్ ఎప్పుడూ బోర్లా పెడతాడు, మెసేజ్ స్క్రీన్ మీద కనబడకుండా సెట్టింగ్ మారుస్తాడు. ఎవరితో మాట్లాడుతున్నావురా అంటే ఒక అమ్మాయి పేరు తయారుగా ఉంచుకుంటాడు. ఆ అమ్మాయికి ఊరు, కాలేజీ, పుట్టినరోజు కూడా కల్పించి గుర్తుపెట్టుకుంటాడు. క్రికెట్ చూస్తూ అందరూ ఒకే పరుపు మీద పడి ఉంటే తను కుర్చీలో కూర్చుంటాడు, రేపు తెలిస్తే ఇవాళ్టి చనువుని కూడా తప్పుపడతారేమోనని. అందరూ గదిలోనే బట్టలు మార్చుకుంటుంటే తను బాత్‌రూమ్ ఖాళీ అయ్యేదాకా ఆగుతాడు. నేను హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒకడిని ఇందుకే “సిగ్గులమారి” అని ఏడిపించేవాళ్ళు. అతను నవ్వేసి ఊరుకునేవాడు.

ఇంతకన్నా పెద్ద టెన్షన్ ఇంకోటుంది. హాస్టల్లో చేరేటప్పుడు ఆధార్ జిరాక్స్ తీసుకుంటారు, ఫారంలో తండ్రి ఫోన్ నంబరు రాయిస్తారు. పిల్లవాడికి జ్వరమొస్తేనో, ఫీజు ఆగిపోతేనో పనికొస్తుందని రాయించిన నంబరు అది. రూమ్మేట్ల గొడవ యజమాని దాకా వెళ్తే ఆయన చెయ్యి ముందుగా ఆ రిజిస్టరు మీదకే పోతుంది. “మీవాడి వ్యవహారం బాగాలేదు, తీసుకెళ్ళండి” అని ఒక్క కాల్ చేస్తే చాలు. ఇంట్లో ఎప్పుడు, ఎలా చెప్పాలో ఏళ్ళుగా ఆలోచించుకుంటున్న విషయం, ఎవరో మెస్ పక్కన నిలబడి నిమిషంలో చెప్పేస్తారు. దాంతో హాస్టల్ ఒక్కటే పోదు, కోచింగ్ మధ్యలో ఆగుతుంది, కొందరికి ఊళ్ళో హడావుడిగా పెళ్ళి సంబంధాలు మొదలవుతాయి.

ఇక్కడ అవతలి పక్షం వాదనలో నేను ఒప్పుకునేది ఒకటుంది. ఎవరితో ఒకే కప్పు కింద ఉండాలో ఎంచుకునే హక్కు మనిషికి ఉండాలి. అమెరికాలో రూమ్మేట్స్ డాట్‌కామ్ అనే వెబ్‌సైటు మీద ఇదే గొడవ నడిచింది. ఆ సైటులో చేరాలంటే ఆడా మగా, లైంగిక ధోరణి ఏమిటి, పిల్లలున్నారా అని చెప్పి తీరాలి, వాటిని బట్టి రూమ్మేట్లని చూపించేవాళ్ళు. ఇది ఇళ్ళ విషయంలో వివక్షను నిషేధించే చట్టానికి విరుద్ధమని గృహ హక్కుల సంస్థలు కోర్టుకెళ్ళాయి. 2012లో ఫెడరల్ అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. వంటగది, బాత్‌రూమ్, ఒక్కోసారి పడకగది కూడా పంచుకునే మనిషిని ఎంచుకోవడం సొంత ఇంటి వ్యవహారం, ఆ గడప లోపలికి ఈ చట్టం రాదు అంది. నాకు ఆ తీర్పు సబబుగానే తోస్తుంది. డాలస్‌లో అపార్ట్‌మెంట్ తీసుకుని “తెలుగు వాళ్ళు, వెజిటేరియన్ అయితే మంచిది” అని వాట్సాప్ గ్రూపులో పెట్టేవాడి మీద కేసులేంటి? పైగా ఎంచుకునే హక్కు గే కుర్రాడికే ఎక్కువ అవసరం. తనని భరించేవాడితో కాక, తనతో హాయిగా ఉండేవాడితో కలిసి ఉండాలని అతనికీ ఉంటుంది.

కాకపోతే ఇద్దరు స్నేహితులు అద్దెకు తీసుకున్న ఫ్లాట్ వేరు, వంద మంచాలతో వ్యాపారం చేసే హాస్టల్ వేరు. మొదటి చోట ఎంపిక నాది. రెండో చోట డబ్బు కట్టి ఉంటున్న మనిషిని, ఏ తప్పూ చేయకుండా, పక్కవాడి మాట మీద వెళ్ళగొట్టడం ఎంపిక అనిపించుకోదు. మన దగ్గర చట్టం ఈ తేడా దాకా రానేలేదు. లైంగిక ధోరణి కూడా వ్యక్తిగత గోప్యతలో భాగమేనని 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం చెప్పింది. 2018 సెప్టెంబరు 6న, స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 నుంచి పెద్దల ఇష్టపూర్వక సంబంధాలను తప్పించారు. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు 2019 నాటి చట్టంలో అద్దె ఇంటి విషయంలో వివక్ష చూపకూడదని స్పష్టంగా రాశారు. గే, లెస్బియన్ అయిన వాళ్ళకి అలాంటి వాక్యం ఒక్కటీ లేదు. ప్రైవేటు హాస్టల్ యజమాని “రేపటికల్లా ఖాళీ చెయ్” అంటే, చూపించుకోవడానికి సుప్రీంకోర్టు తీర్పులున్నాయి గానీ వెళ్ళడానికి కౌంటర్ లేదు.

అమ్మాయిల హాస్టళ్ళలో కథ ఇంకో రకం. అక్కడ ఇబ్బంది పడిందని చెప్పే రూమ్మేట్ కూడా అక్కర్లేదు, వార్డెన్ కళ్ళే చాలు. ఇద్దరమ్మాయిలు మరీ దగ్గరగా ఉంటున్నారనిపిస్తే గదులు విడదీయడం, ఇళ్ళకు ఫోన్ చేయడం క్రమశిక్షణ కిందే లెక్క. ఇల్లు చేరాక ఫోన్ లాక్కుని గదిలో పెట్టేస్తే హైకోర్టు దాకా రావాల్సి వస్తుంది. విజయవాడలో కలిసి ఉంటున్న ఇద్దరు యువతుల్లో ఒకరిని తండ్రి తీసుకెళ్ళిపోతే, రెండో ఆమె హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్ వేసింది. మేజరైన ఆమె తన ఇష్టప్రకారం ఎవరితోనైనా ఉండొచ్చని 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పి పంపింది. అద్దె ఇళ్ళలోనైతే ఒక వింత సౌలభ్యం ఉంది. ప్రేమించుకున్న అబ్బాయీ అమ్మాయీ ఇల్లు కావాలంటే పెళ్ళయిందని అబద్ధమాడాలి. ఇద్దరబ్బాయిలకు ఆ బాధ లేదు, ఫ్రెండ్సా, సరే అంటారు. ముప్పై దాటాక మాత్రం ఓనర్ ఆంటీ అద్దె తీసుకునేటప్పుడల్లా “పెళ్ళెప్పుడు బాబూ?” అని మొదలుపెడుతుంది, సౌలభ్యం అక్కడితో సరి.

కొన్ని క్యాంపస్‌లు వేరే దారి చూశాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్) 2018లోనే లింగభేదం లేని హాస్టల్ పెట్టింది. మన హైదరాబాద్‌లో నల్సార్ లా యూనివర్సిటీ 2022లో ఒక హాస్టల్ గ్రౌండ్ ఫ్లోర్‌ని అలాగే ప్రకటించి, కావాలని అడిగిన ఎల్‌జీబీటీక్యూ విద్యార్థులకు అక్కడ గదులిచ్చింది. మంచిదే. కానీ అది పేరు బయటపెట్టుకోగల ధైర్యం ఉన్నవాళ్ళకి, అదీ లా కాలేజీలో. ఎస్సార్ నగర్ ఫైవ్ షేరింగ్‌లో బ్యాంక్ కోచింగ్ తీసుకుంటున్నవాడికి అలాంటి ఫ్లోర్ రాదు. వచ్చినా, ఆ మెట్లెక్కడమంటే ఊరంతా చాటింపు వేసుకోవడమే.

అతనికి పనికొచ్చేది చాలా చిన్నది. వార్డెన్ దగ్గరికి ఫిర్యాదు వచ్చినప్పుడు ఆయన అడిగే మొదటి ప్రశ్న “ఏం చేశాడు?” అన్నది కావాలి. చెయ్యేశాడు, వద్దన్నా వినలేదు, ఫోటో తీశాడు అంటే అది ఎవరు చేసినా తప్పే, గేటు బయటికి పంపాల్సిందే. ఏమీ చేయలేదు సార్, వాడు అలాంటివాడని తెలిసింది, నాకు ఇబ్బందిగా ఉంది అంటే, అదీ వినాలి, వెక్కిరించకూడదు. రిజిస్టరు తీసి మూడో అంతస్తులో మంచం ఖాళీ ఉందేమో చూసి, అడిగినవాణ్ణే అక్కడికి పంపాలి. మెస్ దగ్గర కారణం చెప్పొద్దని అతని దగ్గర మాట తీసుకోవాలి. తండ్రుల నంబర్లున్న పేజీ ఆ రోజు తెరవాల్సిన పని లేదు.