ఆ తుపాను మ్యాపు ఏ రోజుది?
ఫేస్‌బుక్ వెదర్ పేజీలను అసలు నమ్మొద్దన్న వ్యాసంతో నేను ఏకీభవించనండి. కొందరు ఔత్సాహికులు చాలా బాగా చెబుతారు. ముందు వాళ్లు పెట్టిన మ్యాపు మూలన ఏ మోడల్ (వాతావరణాన్ని అంచనా వేసే కంప్యూటర్ ప్రోగ్రామ్), ఏ రోజు రన్ (ఆ ప్రోగ్రామ్ ఒకసారి వేసిన లెక్క) అన్నది చూడండి. 00 జెడ్ అంటే మన ఉదయం 5.30 నాటి పరిశీలనలతో మొదలైన రన్, బొమ్మ బయటికొచ్చేది కొన్ని గంటల తర్వాత. ఆ వివరం కత్తిరించి పెడితే వదిలేయండి. పది రోజుల ముందే ఒక్క రన్ చూపించి 'విశాఖలోనే తీరం దాటుతుంది' అంటే అస్సలు వద్దు, తర్వాతి రన్‌కే అది ఒడిశా వైపు జరిగిపోవచ్చు. గాలి వేగాన్ని నాట్లలో (గంటకు ఇన్ని నాటికల్ మైళ్లని) ఇస్తే, ఆ అంకెనే కిలోమీటర్లుగా రాసేసేవాళ్లూ ఉంటారు. 60 నాట్లంటే గంటకు 111 కి.మీ. సుమారు, ఎంత తేడానో చూడండి! తప్పిన అంచనాను చెరిపేయకుండా, ఎందుకు తప్పిందో రాసే పేజీకే నా ఓటు. వేటకెళ్లేవాళ్లు మాత్రం విశాఖ తుపాను హెచ్చరికల కేంద్రం బులెటిన్, పోర్టులో ఎగరేసిన ప్రమాద సూచిక చూశాకే బోటు తియ్యాలి.